గిటారులో పికప్ మార్చే ముందు



కొంతకాలం క్రితం కోనసీమలోని ఒక చిన్న సంఘానికి వాక్యం చెప్పడానికి వెళ్లాం. పాటలు అయ్యాక ప్రార్థన మొదలైంది. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో స్పీకరులో నుండి తుమ్మెద ఝుంకారం లాంటి మోత ఆగకుండా వస్తోంది. ఒక పెద్దాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. చివరికి మేమే వేదిక మీద నుండి, "బాబూ, ఆ గిటారు తీసెయ్యి" అన్నాం. కుర్రవాడు వైరు ఊడదీసి, గిటారును గోడకు ఆనించి, బయటకు వెళ్లిపోయాడు. ఆ తరువాత మూడు ఆదివారాలు అతడు ఆరాధనకు రాలేదని ఆ సంఘ కాపరి ఫోనులో చెప్పారు.

మేము అతని ఇంటికి వెళ్లాం. అతడు కోపంగా ఏమీ మాట్లాడలేదు. "అయ్యగారండీ, నేను సరిగ్గానే వాయించానండి. ఆ మోత నేను చేసింది కాదండి" అన్నాడు. రొయ్యల చెరువు దగ్గర పనిచేసి దాచుకున్న డబ్బుతో కొత్త పికప్‌లు కొనాలనుకుంటున్నాడు. ఏవి కొనమంటారని మమ్మల్నే అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. సెమినరీలో హీబ్రూ, గ్రీకు నేర్పారు గాని పికప్ సంగతి ఎవరూ చెప్పలేదు. మనకు తెలియని విషయం మీద పదిమందిలో ఒక కుర్రవాణ్ణి ఆపేశామని అప్పుడు అర్థమైంది. తరువాత తెలిసినవారిని అడిగి, చదివి, ఆ కుర్రవాడితో కూర్చుని గిటారు విప్పి చూసి నేర్చుకున్న సంగతులను ఈ వారం మీ ముందు పెడుతున్నాం. గిటారు వాయించే యౌవనస్థులూ, దాని మోత భరిస్తున్న సంఘ పెద్దలూ ఇద్దరూ చదవాలని మా కోరిక.

పికప్ చేసే పని

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద కనిపించే చిన్న పెట్టెలే పికప్‌లు. ఒక్కొక్కదానిలో అయస్కాంతాలు, వాటి చుట్టూ తలవెంట్రుక కంటే సన్నని రాగి తీగ ఉంటాయి. సాధారణంగా వాడే 42 గేజీ తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు. దానిని కొన్ని వేల చుట్లు చుడతారు. పైన ఉన్న ఉక్కు తీగ కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం కదులుతుంది. ఆ కదలికకు రాగి చుట్టలో అతి చిన్న విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్ దానినే పెద్దది చేస్తుంది.

ఈ సూత్రాన్ని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆయన కమ్మరివాని కుమారుడు. లండనులో శాండెమనియన్ అనే చిన్న సంఘంలో జీవితాంతం సభ్యుడు, కొంతకాలం సంఘ పెద్దగా కూడా సేవ చేశాడు. వంద సంవత్సరాల తరువాత, 1930ల ఆరంభంలో, అమెరికాలో జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనేవారు ఆ సూత్రంతోనే మొదటి విద్యుత్ గిటార్లు తయారు చేసి అమ్మారు.

పికప్‌కు ఇనుము, ఉక్కు, నికెల్ వంటి లోహపు తీగలే వినిపిస్తాయి. నైలాన్ తీగలు వినిపించవు. చెక్క డబ్బా ఉన్న అకూస్టిక్ గిటారులో తీగలు ఆనే చోట కింద అమర్చే పియెజో పికప్ వేరే జాతిది. ఈ వ్యాసంలో చెప్పే ఎంపికలు దానికి వర్తించవు. ఇది తెలియక తప్పు సరుకు కొన్నవారిని చూశాం గనుక ముందే చెబుతున్నాం.

మోత ఎక్కడి నుండి వస్తుంది

రాగి చుట్టకు గిటారు తీగ ఏదో, ట్యూబులైటు చోక్ ఏదో తెలియదు. దగ్గరలో కదిలే ప్రతి అయస్కాంత క్షేత్రాన్నీ అది పట్టుకుంటుంది. మన ఇళ్లలోని కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ట్యూబులైటు, ఫ్యాను రెగ్యులేటరు, ఆంప్లిఫయరులోని ట్రాన్స్‌ఫార్మర్, ఇన్వర్టరు, ఇవన్నీ ఆ ఊపును చుట్టూ వెదజల్లుతాయి. ఒకే చుట్ట ఉన్న పికప్ దానిని పాటతో పాటు స్పీకరుకు పంపుతుంది. అందుకే వాయించడం ఆపినా మోత ఆగదు.

దీనికి మందు కనిపెట్టినవారిలో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ ఒకరు. 1955లో ఆయన పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1957 నుండి ఆ పికప్‌లు గిటార్లలో వచ్చాయి. ఆయన చేసిన పని ఇది: ఒక చుట్ట పక్కన రెండో చుట్ట పెట్టి, దానిని తిరగేసి కలిపారు, దాని అయస్కాంతపు కొసను కూడా తిరగేశారు. బయటి నుండి వచ్చే మోత రెండు చుట్టల్లోనూ పడుతుంది, కాని ఒకదానికొకటి ఎదురై కొట్టుకుపోతుంది. తీగ స్వరం మాత్రం రెండుసార్లు తిరగబడినందువల్ల మళ్లీ ఒకే దిక్కుకు వచ్చి కలిసిపోతుంది. మోత పోయి పాట మిగులుతుంది. హమ్ అనే మోతను అణచేది గనుక దీనికి హంబకర్ అని పేరు.

డబ్బు పెట్టే ముందు చేయవలసిన పరీక్షలు

మొదటిది ఎర్తింగ్. ఇది స్వరం సంగతి కాదు, ప్రాణం సంగతి. ఎలక్ట్రిక్ గిటారు తీగలు లోపలి నుండి ఆంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ప్లగ్ పాయింటులో ఎర్త్ లేకపోతే, లేదా మూడో పిన్ను విరగ్గొట్టి వాడితే, ఆంప్లిఫయరులో లోపం వచ్చిన రోజున ఆ కరెంటు వాయించేవాని చేతిలోకి వస్తుంది. మైకుకు పెదవి తగిలినప్పుడు 'చురుక్కు' మంటే దానిని నవ్వి వదిలేయకండి. ఆ రోజే అన్నీ ఆపి ఎలక్ట్రీషియనును పిలవండి.

మేము వెళ్లిన సంఘంలో జరిగింది ఇదే. ప్లగ్ పాయింటుకు మూడు రంధ్రాలు ఉన్నాయి, కాని వెనుక ఎర్త్ వైరు దేనికీ కలిపి లేదు. దానిని సరిచేయగానే గరగరమనే శబ్దం చాలావరకు పోయింది. మెత్తని మోత మాత్రం కొంచెం మిగిలింది. అంటే ఆ రోజు మేము గిటారును నిందించిన దానిలో సగానికి పైగా తప్పు మందిరం గోడలోనే ఉంది.

ఎర్త్ బాగుందని తేలాక మిగతా పరీక్షలు చేయండి. గిటారు మీది వాల్యూము పూర్తిగా తగ్గించండి. అప్పటికీ మోత వస్తుంటే లోపం వైరులోనో, ఆంప్లిఫయరులోనో, మిక్సరులోనో ఉంది. పికప్ మార్చి ప్రయోజనం లేదు. వాల్యూము పెంచి, గిటారు పట్టుకుని మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున మోత పెరిగి మరో దిక్కున తగ్గితే అది చుట్ట పట్టుకుంటున్న మోత. హంబకర్ దానిని తగ్గించగలదు. తీగలను చేతితో తాకినప్పుడు గరగర తగ్గితే గిటారు లోపలి అరకు రాగి రేకు అంటించి ఎర్త్‌కు కలపాలి. ఇది తక్కువ ఖర్చుతో అయ్యే పని.

స్వరం బాగోలేదనేది ఫిర్యాదైతే ముందు కొత్త తీగలు వేసి చూడండి. గోదావరి జిల్లాల తేమకు, ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పట్టి మొద్దుబారతాయి. తరువాత పికప్ ఎత్తు చూడండి. చివరి మెట్టు దగ్గర తీగను నొక్కిపట్టి, తీగకూ పికప్‌కూ మధ్య 2 నుండి 3 మిల్లీమీటర్లు ఉండేలా మరలు తిప్పి, అక్కడి నుండి చెవితో సరిచూసుకోవచ్చు. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగుతుంది. శృతి కలిపినా స్వరం వణుకుతుంది, త్వరగా ఆరిపోతుంది. ఒక స్క్రూడ్రైవరుతో తీరే లోపానికి నెల జీతం పెట్టిన పిల్లలున్నారు.

రకాలు, అంకెలు

ఇవన్నీ చేశాక కూడా మార్చవలసి వస్తే ముందున్నవి ముఖ్యంగా నాలుగు దారులు. సింగిల్ కాయిల్ స్వరం గాజులా స్పష్టంగా ఉంటుంది, మోత ఉంటుంది. హంబకర్ స్వరం మందంగా, బలంగా ఉంటుంది, మోత ఉండదు. 1946లో వచ్చిన పి-90 ఈ రెండింటి మధ్య స్వరం ఇస్తుంది, కాని ఒకే చుట్ట గనుక మోత తప్పదు. నాలుగోది సింగిల్ కాయిల్ అంత సైజులోనే రెండు చుట్టలు ఇమిడ్చిన హంబకర్. గిటారు చెక్క కోయకుండా పాతదాని స్థానంలో కూర్చుంటుంది. పాత స్వరంలోని మెరుపు కొంత తగ్గినా మోత పోతుంది. ఇవి కాక 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ పికప్‌లు ఉన్నాయి. శబ్దం శుభ్రంగా ఉంటుంది, కాని బ్యాటరీ అయిపోతే పాట మధ్యలో గొంతు పోతుంది.

పెట్టె మీద కిలో ఓములలో ఒక అంకె వ్రాసి ఉంటుంది. చాలా సింగిల్ కాయిల్స్‌కు 5.5 నుండి 7 వరకు, పాతకాలపు పద్ధతి హంబకర్లకు 7.5 నుండి 8.5 వరకు, గట్టి శబ్దం కోసం చేసిన వాటికి 13 పైన ఉంటుంది. కుర్రవాళ్లు పెద్ద అంకె అంటే మంచి పికప్ అనుకుంటున్నారు. అది పొరపాటు. చుట్లు పెరిగితే శబ్దం పెరుగుతుంది, పై స్వరాల స్పష్టత తగ్గుతుంది. పైగా తీగ మందం మారితే ఈ అంకె కూడా మారిపోతుంది గనుక రెండు వేర్వేరు రకాలను దీనితో పోల్చలేం.

అయస్కాంతాల్లో అల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ ప్రధానంగా ఇనుముతో కలిపిన లోహం. అల్నికో 2 మెత్తగా, అల్నికో 5 బిగువుగా, మెరుపుగా పలుకుతుంది. సిరామిక్ అయస్కాంతాన్ని ఎక్కువగా గట్టి శబ్దం ఇచ్చే పికప్‌లలో వాడతారు.

మన ఆరాధనకు ఏది

ఈ ప్రశ్నకు జవాబు మన జిల్లాలోనే ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పాశ్చాత్య వాద్యం మీద కర్ణాటక సంగీతం పలికించి లోకమంతా పేరు పొందారు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలు. మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. గమకం పలకాలంటే స్వరం కాసేపు బ్రతికి ఉండాలి. అందుకే ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు, జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. తాను పలికించవలసిన సంగీతానికి ఏమి కావాలో ముందు తెలుసుకుని, దానికి తగ్గట్టు వాద్యాన్ని మార్చుకున్నారు.

మనం పలికించవలసినది ఏమిటి? పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలం నుండి మన సంఘాలు రాగాలలో కీర్తనలు పాడుతున్నాయి. కీర్తనకు ప్రాణం మాట. నూటయాభై మంది గొంతులు, కీబోర్డు, ఢోలక్, రిథమ్ ప్యాడ్, మూడు మైకులు, వీటి మధ్య గిటారు ఉంటుంది. మన పాటల్లో క, చ, ట, త లాంటి హల్లులను చెవికి పట్టించే ధ్వనులు పై స్థాయిలో ఉంటాయి. గట్టి పికప్‌ను డిస్టార్షన్ పెట్టి ఆ స్థాయిలోనే మ్రోగిస్తే వెనుక బల్ల మీద కూర్చున్న అవ్వకు రాగం వినబడుతుంది, మాట వినబడదు. చదువురాని ఆమెకు పాటే కదా వాక్యం.

వాద్యం స్పష్టంగా పలకకపోతే ఏమి వాయిస్తున్నారో వినేవారికి తెలియదని పౌలు కొరింథు సంఘానికి గుర్తుచేశాడు (1 కొరింథీ. 14వ అధ్యాయం). ఆ అధ్యాయమంతటా ఆయన చూసిన కొలత ఒక్కటే, సంఘానికి క్షేమాభివృద్ధి కలుగుతుందా లేదా. పికప్ ఎంపికకు కూడా మేము అదే కొలత చెబుతాం. మా సలహా: మన ఆరాధనకు మధ్యస్థమైన శబ్దం ఇచ్చే పికప్ చాలు. మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న గిటారైతే, మోత బాధిస్తుంటే, సింగిల్ సైజు హంబకర్‌ను ముందు ఒక్క చోట పెట్టి విని చూడండి. హంబకర్లే ఉన్న గిటారైతే 8 కిలో ఓముల దరిదాపుల్లోని అల్నికో రకం పాటకు అడ్డురాదు. గట్టిదనం కావాలంటే ఆంప్లిఫయరులో పెంచుకోవచ్చు, చుట్టలో పోయిన స్పష్టతను మాత్రం అక్కడ పూర్తిగా తిరిగి తెచ్చుకోలేం.

కొలతలు, బిగింపు

కొనే ముందు స్కేలుతో రెండు కొలతలు తీసుకోండి. మొదటిది పికప్ కూర్చునే గుంట పొడవు, వెడల్పు, లోతు. రెండోది బ్రిడ్జ్ దగ్గర మొదటి తీగ నుండి ఆరో తీగకు దూరం. హంబకర్లు సుమారు 50, సుమారు 53 మిల్లీమీటర్ల కొలతల్లో దొరుకుతాయి. నెక్ వైపుది, బ్రిడ్జ్ వైపుది వేర్వేరు. బ్రిడ్జ్ దగ్గర తీగ తక్కువ ఊగుతుంది గనుక దాని పికప్‌కు సాధారణంగా ఎక్కువ చుట్లు వేస్తారు. వాల్యూము, టోను తిప్పే పాట్లు సింగిల్ కాయిల్‌కు 250, హంబకర్‌కు 500 కిలో ఓములు వాడడం వాడుక.

విప్పే ముందు లోపలి వైరింగ్‌ను ఫోనులో ఫొటో తీసుకోండి. సోల్డరింగ్ రాకపోతే టీవీ, రేడియో బాగుచేసే మేస్త్రీ దగ్గరకు ఆ ఫొటో, పికప్ పెట్టెలోని కాగితం తీసుకెళ్లండి. ఇది అతనికి కష్టమైన పని కాదు. బిగించాక రెండు పికప్‌లు కలిపి వాయించినప్పుడు స్వరం పల్చగా, రేకు డబ్బాలా వస్తే ఒకటి తిరగబడి ఉందని అర్థం. ఆ కాగితం చూసి ఒకదాని వైర్లు మార్చి కలిపితే సరిపోతుంది. చాలా మూడు పికప్‌ల గిటార్లలో మధ్యదానిని తిరగేసి చుడతారు. అందువల్ల పక్కదానితో కలిపి వాడితే మోత తగ్గుతుంది. బ్రిడ్జ్ వైపు హంబకర్ పెడితే ఆ వైపు జతలో మధ్యదాని మోత మళ్లీ వినబడవచ్చు. ఇది తెలిసి ఉంటే కొత్తది పాడైందని దుకాణదారుతో గొడవపడనక్కరలేదు. పాత పికప్‌ను పారేయకండి.

పెద్దలకు ఒక మాట

గిటారు లోకసంబంధమైన వాద్యమని కొందరు పెద్దలు మాకు ఉత్తరాలు వ్రాస్తుంటారు. మనం మన సొంతమనుకునే హార్మోనియం కూడా పారిస్‌లో 1842లో పేటెంటు పొందిన వాద్యమే. ఎలక్ట్రిక్ గిటారును తొలిరోజుల్లోనే సువార్త పాటలకు వాడిన ప్రసిద్ధురాలు సిస్టర్ రోసెట్టా థార్ప్. 1915లో అమెరికాలోని ఆర్కన్సాలో పుట్టి, తల్లితో పాటు సంఘ కూటాలలో పాడుతూ పెరిగిన స్త్రీ ఆమె. వాద్యం ఏ ఊరిదనే దానికంటే అది సంఘం పాటను మోస్తుందా, మింగేస్తుందా అని అడగడం మంచిది. మోత వస్తే ముందు ప్లగ్ పాయింటు చూపించండి. మందిరానికి రంగు వేయించే సంవత్సరం ఎర్త్ గుంట కూడా తీయించండి.

ఆ కోనసీమ కుర్రవాడు చివరికి మూడు పికప్‌లు కొనలేదు. బ్రిడ్జ్ వైపు ఒక్కటి, సింగిల్ సైజు హంబకర్, మార్చుకున్నాడు. మిగతా రెండింటి ఎత్తు సరిచేసి, కొత్త తీగలు వేశాడు. దాచుకున్న డబ్బులో చాలావరకు మిగిలింది. మందిరం ఎర్తింగ్ ఖర్చు సంఘం భరించింది. మేము మళ్లీ వెళ్లిన ఆదివారం, పదిమందిలో ఆపాం గనుక పదిమందిలోనే అతణ్ణి క్షమించమని అడిగాం. అతడు తలవంచుకుని, "పర్లేదండి అయ్యగారు" అన్నాడు. ప్రార్థన సమయంలో స్పీకరు నిశ్శబ్దంగా ఉంది. బయట కాలువ గట్టు మీద వెళ్లే ఆటో చప్పుడు కూడా వినబడింది.

మీ సంఘంలో వాయించే పిల్లలను ప్రభువు దీవించును గాక.